టేప్ లైబ్రరీలో డ్రైవ్, రోబో, పవర్ సప్లై మార్చడం ఎలా?

"డ్రైవ్ మార్చాను, మళ్లీ అదే ఎర్రర్ వస్తోంది." "డ్రైవ్ మార్చాక బ్యాకప్ సర్వర్‌కి రోబోనే కనబడట్లేదు." టేప్ లైబ్రరీల (బ్యాకప్ టేపులను స్లాట్లలో దాచి, రోబో చేత్తో డ్రైవ్‌లో పెట్టి తీసే పెట్టెల) గురించి నన్ను అడిగేవాటిలో సగం ఈ రెండింట్లో ఏదో ఒకటి. స్క్రూలు ఎలా విప్పాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, పాత స్లెడ్ (డ్రైవ్‌ని బిగించి ఉంచే ట్రే) లాగి కొత్తది తోయడానికి పది నిమిషాలు చాలు. తిప్పలన్నీ అంతకుముందు అరగంటలో, ఆ తర్వాతి గంటలో ఉంటాయి. అందుకే ఈసారి మొత్తం వరసగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ర్యాక్‌లో పట్టే చిన్న, మధ్యస్థాయి ఎల్‌టీఓ (బ్యాకప్‌కి ఎక్కువగా వాడే టేపు రకం) లైబ్రరీల గురించి. మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగేంత పెద్ద లైబ్రరీలు మీ దగ్గర ఉంటే వాటి రోబో జోలికి వెళ్లకండి, ఆ మోడల్ మీద ట్రైనింగ్ ఉన్న ఇంజినీర్‌ని పిలవండి. చిన్నవాటిలోనూ ఏ పార్టు కస్టమర్ మార్చుకోవచ్చో, ఏది కంపెనీ మనిషే మార్చాలో మాన్యువల్లో ఉంటుంది. సపోర్ట్ కాంట్రాక్ట్ ఉంటే అది చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

కావలసినవి

- కొత్త పార్టు. పెట్టె మీద పేరు కాదు, పార్టు నంబరు చూడండి. డ్రైవ్ అయితే ఎల్‌టీఓ తరం, ఎత్తు ఫుల్ హైటా హాఫ్ హైటా, సర్వర్‌కి కలిపే కేబుల్ రకం ఫైబర్ ఛానెలా ఎస్‌ఏఎస్సా, ఈ మూడూ సరిపోవాలి.
- చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ స్ట్రాప్.
- ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, టార్క్స్ బిట్ల సెట్టు. చాలా స్లెడ్‌లకు చేత్తో తిప్పే స్క్రూలే ఉంటాయి, కానీ గట్టిగా బిగించి వదిలేసిన మహానుభావులు ఉంటారు.
- టార్చ్, మార్కర్, కేబుళ్లకు చుట్టడానికి లేబుళ్లు.
- నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్ ఒకటి.
- రెండు స్క్రాచ్ టేపులు, అంటే వాటి మీదున్నది చెరిగిపోయినా పర్వాలేనివి. ఒకటైనా కొత్తది అయి ఉండాలి.
- వాడకాలు ఇంకా మిగిలి ఉన్న క్లీనింగ్ టేపు.
- ఫైబర్ ఛానెల్ అయితే, కనెక్టర్ కొస తుడిచే క్లీనర్ పెన్.
- లైబ్రరీ వెబ్ పేజీ అడ్మిన్ పాస్‌వర్డ్. ర్యాక్ ముందు నిలబడ్డాక దీనికోసం నలుగురికి ఫోన్ చేయడం అందరికీ ఒకసారైనా అయ్యే అనుభవం. ముందే లాగిన్ అయి చూసుకోండి.

తరం గురించి ఒక హెచ్చరిక. ఎల్‌టీఓ-7 వరకు డ్రైవ్‌లు రెండు తరాల వెనకటి టేపులు కూడా చదివేవి. ఎల్‌టీఓ-8, 9లలో అది ఒక తరానికి తగ్గింది. ఎల్‌టీఓ-8 డ్రైవ్ 8, 7 టేపులనే తీసుకుంటుంది, ఎల్‌టీఓ-6ని చదవను కూడా చదవదు. ఎల్‌టీఓ-9 డ్రైవ్‌కి 9, 8 మాత్రమే. "పాతది దొరకట్లేదు కదా, కొత్త తరం వేసేద్దాం" అనుకునేముందు మీ అలమారలో ఏ తరం టేపులు ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

ముందు తప్పు ఎవరిదో తేల్చండి

ఈ భాగం వదిలేసి కింద స్టెప్పులకు వెళ్లిపోతే "మళ్లీ అదే ఎర్రర్" అని రాసేవాళ్లలో మీరూ చేరతారు. ఎర్రర్ డ్రైవ్ పేరు మీద వచ్చినంత మాత్రాన తప్పు డ్రైవ్‌ది కాదు. టేపుది కావచ్చు, కేబుల్‌ది కావచ్చు, హెడ్ (టేపుని చదివి, రాసే భాగం) మురికి పట్టి ఉండొచ్చు.

మొదట లైబ్రరీ లాగ్‌లో టేప్ అలర్ట్ నంబరు (డ్రైవ్ తన ఇబ్బంది ఏమిటో చెప్పే కోడ్) చూడండి. 20 అంటే డ్రైవ్ ఇప్పుడే క్లీనింగ్ అడుగుతోంది. 4 అంటే టేపు మీద అనుమానం. 5 చదవడంలో, 6 రాయడంలో వైఫల్యం. ఈ రెండూ ఎవరి తప్పో చెప్పవు. 30, 31 వస్తే డ్రైవ్ హార్డ్‌వేర్ వైపు చూడాలి. ఐబీఎం తయారీ ఎల్‌టీఓ డ్రైవ్ అయితే ఒంటి అక్షరం డిస్‌ప్లే ఉంటుంది. అందులో సీ (C) అంటే క్లీనింగ్, 5 అంటే డ్రైవ్ హార్డ్‌వేర్, 7 అంటే ఎక్కువగా టేపే. 6 పడితే డ్రైవో టేపో దానికీ తెలియదని అర్థం.

తర్వాత క్లీనింగ్ ఒక్కసారి చేయించండి. ఒక్కసారే. క్లీనింగ్ టేపు హెడ్‌ని రాపాడించి శుభ్రం చేస్తుంది, ఊరికే తిప్పుతుంటే హెడ్ అరుగుతుంది. మామూలుగా ఒక క్లీనింగ్ టేపు 50 సార్లు పనిచేస్తుంది. అయిపోయిన టేపు పెడితే డ్రైవ్ శుభ్రం చేయకుండానే బయటికి నెట్టేస్తుంది, లాగ్‌లో 22 కనిపిస్తుంది. అది చూడకుండా "క్లీనింగ్ కూడా చేశాను" అనుకునేవాళ్లు బోలెడుమంది. క్లీన్ చేసిన నాలుగైదు లోడ్‌లకే డ్రైవ్ మళ్లీ క్లీనింగ్ అడిగితే అప్పుడు డ్రైవ్‌ని అనుమానించండి. దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడవడం, లోపలికి గాలి కొట్టడం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎర్రర్ ఇచ్చిన టేపుని వేరే డ్రైవ్‌లో, మంచి టేపుని ఎర్రర్ ఇచ్చిన డ్రైవ్‌లో పెట్టి చూడాలి. ఎర్రర్ టేపు వెంట వెళ్తే టేపు తప్పు. డ్రైవ్ దగ్గరే ఆగిపోతే తప్పు డ్రైవ్‌ది, లేదా దానికి తగిలించిన కేబుల్‌ది. రెండు చోట్లా రాకపోతే కేబుల్, ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ కేబుల్ గుచ్చే చిన్న మాడ్యూల్), సర్వర్‌లోని కార్డు చూడండి. కేబుల్ మార్చడానికి పైసా ఖర్చు కాదు, కాబట్టి డ్రైవ్ ఆర్డర్ పెట్టేముందు అది తప్పకుండా చేయండి.

అయితే, టేపుని రెండో డ్రైవ్‌లో పెట్టేముందు చేత్తో పట్టుకుని చూడండి. నేను ఒకసారి చూడలేదు. ఒకటో డ్రైవ్ లోడ్ ఫెయిల్ అంది. వెబ్ పేజీలోంచే అదే టేపుని రెండో డ్రైవ్‌కి పంపించాను, అదీ ఫెయిల్. అప్పుడు మెయిల్ స్లాట్ (టేపులు లోపలికి, బయటికి పంపే గది) నుంచి టేపు బయటికి తెప్పించి, మూలనున్న చిన్న తలుపుని గోటితో పక్కకు జరిపి టార్చ్ వేశాను. లోపల టేపు కొసకు ఒక సన్నటి లోహపు పిన్ను ఉంటుంది. పైనా కిందా చిన్న స్ప్రింగులు దాన్ని నిటారుగా పట్టుకుని ఉంచుతాయి. డ్రైవ్ ఆ పిన్నునే అందుకుని టేపుని తన చక్రం మీదకి లాక్కుంటుంది. నా టేపులో పిన్ను కింది కొస స్ప్రింగులోంచి జారి, అగ్గిపుల్ల ఒరిగినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎవరో కింద పడేసి, తుడిచి, మళ్లీ స్లాట్‌లో పెట్టేశారు. ఫలితం, ఒక డ్రైవ్ మార్చాల్సినచోట రెండు మార్చాను.

కాబట్టి పిన్ను ఒరిగినా, తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, ప్లాస్టిక్ పెట్టె అతుకు దగ్గర విడిపోయినా ఆ టేపు ఇక ఏ డ్రైవ్‌లోకీ వెళ్లకూడదు. ఆ టేపు ఇప్పటికే ఏయే డ్రైవ్‌లలో తిరిగిందో తెలుసుకోవాలంటే దారి ఉంది. ప్రతి ఎల్‌టీఓ కార్ట్రిడ్జ్‌లోనూ ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది, చివరగా లోడ్ చేసిన నాలుగు డ్రైవ్‌ల సీరియల్ నంబర్లు అందులో ఉంటాయి. పిన్ను బాగానే ఉండి, రాత ఎర్రర్లు ఇస్తున్న టేపుల విషయంలో, డయాగ్నస్టిక్ టూల్‌తో ఆ చిప్ చదివిస్తే గొడవ ఎక్కడ మొదలైందో చాలాసార్లు దొరుకుతుంది.

డ్రైవ్ మార్చడం

1. రాసుకోండి, సేవ్ చేసుకోండి. లైబ్రరీ కాన్ఫిగరేషన్‌ని ఫైల్‌గా మీ కంప్యూటర్లోకి దించుకోండి. పాత డ్రైవ్ సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, వరల్డ్ వైడ్ నేమ్ (ఫైబర్ నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే ప్రత్యేక నంబరు), లైబ్రరీలో ఏ పార్టిషన్ (భాగం)లో ఉంది, ఎన్‌క్రిప్షన్ ఉందా లేదా రాసుకోండి. వెనకవైపు కేబుళ్లకు రెండు ఫొటోలు తీయండి, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర్నుంచి.

2. కంట్రోల్ పాత్ చూడండి. చాలా లైబ్రరీల్లో రోబోకి సర్వర్ వైపు సొంత కేబుల్ ఉండదు. ఒక డ్రైవ్ కేబుల్ మీదుగానే సర్వర్‌కి కనిపిస్తుంది. డ్రైవ్ లన్ (ఒకే అడ్రస్ మీదున్న పరికరాలకిచ్చే ఉప నంబరు) 0 అయితే, రోబో అదే అడ్రస్ మీద లన్ 1. ఆ బాధ్యత మోస్తున్న డ్రైవ్‌ని మీరు ఆఫ్ చేస్తే రోబో కూడా సర్వర్ నుంచి మాయమైపోతుంది, మిగతా డ్రైవ్‌లు ఎంత బాగున్నా టేపు పెట్టే చెయ్యి ఉండదు. మొదట్లో చెప్పిన రెండో ప్రశ్నకు జవాబు నూటికి తొంభై సార్లు ఇదే. మార్చబోయే డ్రైవ్ మీద కంట్రోల్ పాత్ ఉంటే, ముందుగా వెబ్ పేజీలో వేరే డ్రైవ్‌కి మార్చి, సర్వర్‌లో రోబో కొత్త దారిలో కనిపిస్తోందని చూసుకుని, అప్పుడు ముందుకెళ్లండి. ఒకే డ్రైవ్ ఉన్న లైబ్రరీ అయితే ఈ వెసులుబాటు లేదు, పని జరిగినంతసేపు మొత్తం ఆగుతుందని అందరికీ ముందే చెప్పండి.

3. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్‌ని డిసేబుల్ చేయండి. జాబ్ ఆపితే చాలదు. షెడ్యూల్‌లో ఉన్న తర్వాతి జాబ్ వచ్చి అదే డ్రైవ్‌ని పట్టుకుంటుంది, మీ చెయ్యి లోపల ఉన్నప్పుడే.

4. టేపుని దించండి. డ్రైవ్‌లో టేపు ఉంటే దాని స్లాట్‌కి పంపించండి. రాకపోతే కింద "టేపు ఇరుక్కుంటే" చదవండి.

5. లైబ్రరీలో డ్రైవ్‌ని ఆఫ్‌లైన్ చేసి పవర్ ఆపండి, ఏది తీయాలో ఖాయం చేసుకోండి. డ్రైవ్ నంబర్లు కొన్నిటిలో కింది నుంచి పైకి, కొన్నిటిలో పై నుంచి కిందికి ఉంటాయి. దానికి తోడు లైబ్రరీ 1 నుంచి లెక్కపెడితే, ఎమ్‌టీఎక్స్ (లినక్స్‌లో రోబోని నడిపే కమాండ్) లాంటి టూల్స్ డ్రైవ్‌లను 0 నుంచి లెక్కపెడతాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన లెక్క తను వేసుకుంటుంది. "డ్రైవ్ 2" అనే మాటని ఎవరు అన్నా నమ్మకండి, సీరియల్ నంబరు అడగండి. వెబ్ పేజీలో గుర్తింపు లైటు వెలిగించే బటన్ ఉంటే వెలిగించి, వెనక్కి వెళ్లి చూడండి. ఆ డ్రైవ్ మిగతా లైట్లు ఆరిపోయి ఉండాలి.

6. కేబుళ్లు తీయండి. లేబుల్ చుట్టాకే తీయండి. ఫైబర్ అయితే కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగాలి, వైరు పట్టుకుని కాదు. తీసిన వెంటనే డస్ట్ క్యాప్ పెట్టండి. ఎస్‌ఏఎస్ కనెక్టర్‌కి లాగే ట్యాబ్ ఉంటుంది, అది వాడండి.

7. స్లెడ్ లాగండి. స్ట్రాప్ కట్టుకోండి. స్క్రూలు వదులు చేసి, హ్యాండిల్ పట్టుకుని నిదానంగా వెనక్కి లాగండి. సగం బయటికి వచ్చేసరికి రెండో చెయ్యి అడుగున ఉండాలి. స్లెడ్ అనుకున్నదానికంటే బరువుంటుంది, ఒంటిచేత్తో లాగితే చివర్లో ఒక్కసారిగా ముందుకు వాలుతుంది.

8. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు, వెనక పోర్టులు, లోపలివైపు కనెక్టర్ ఒకేలా ఉన్నాయా? కనెక్టర్ పిన్నులు వంగి ఉన్నాయా? కొత్త స్లెడ్‌లో రవాణా కోసం పెట్టిన నురగ ముక్కో, స్టిక్కరో మిగిలిందా?

9. కొత్తది తోయండి. గాడిలో పడితే దానంతట అదే జారుతుంది. చివరి అంగుళంలో కాస్త బిగుతు తెలుస్తుంది, అక్కడ అరచేత్తో సమానంగా నెట్టాలి. అంతకుముందే ఆగిపోతే బలం వాడకండి, బయటికి తీసి మళ్లీ నిటారుగా పెట్టండి. స్క్రూలు తిప్పి స్లెడ్‌ని లోపలికి లాగే ప్రయత్నం అస్సలు వద్దు. కనెక్టర్ పిన్నులు వంగేది అక్కడే. స్లెడ్ పూర్తిగా కూర్చున్నాక రెండు స్క్రూలనూ మార్చి మార్చి వేళ్లతో బిగించండి.

10. కేబుళ్లు పెట్టి పవర్ ఇవ్వండి. ఫైబర్ కొస క్లీనర్ పెన్‌తో తుడిచి పెట్టండి. ఫైబర్‌ని గట్టిగా మడవకండి, జిప్ టైతో బిగించకండి. డ్రైవ్ సెల్ఫ్ టెస్ట్ చేసుకుని రెడీ అనడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపు టెన్షన్‌తో మళ్లీ ఆఫ్ చేయకండి.

11. ఫర్మ్‌వేర్ చూడండి. కొత్త డ్రైవ్ వేరే వెర్షన్‌తో వస్తే, లైబ్రరీలోని మిగతా డ్రైవ్‌ల వెర్షన్‌కి తీసుకురండి. అప్‌డేట్ మధ్యలో పవర్ పోకూడదు.

12. సర్వర్ వైపు సరిచేయండి. కొన్ని లైబ్రరీలు వరల్డ్ వైడ్ నేమ్‌ని డ్రైవ్‌కి కాకుండా అది కూర్చునే గదికి ఇస్తాయి. అలాంటివాటిలో స్విచ్ జోనింగ్ (ఏ సర్వర్ ఏ డ్రైవ్‌ని చూడొచ్చో ఫైబర్ స్విచ్‌లో పెట్టే సెట్టింగు) ముట్టుకోనక్కర్లేదు. మీది అలా కాకపోతే జోనింగ్‌లో కొత్త పేరు చేర్చాలి. ఎస్‌ఏఎస్ అయితే సర్వర్‌లో రీస్కాన్ చేయండి, కొన్నిసార్లు రీబూట్ కూడా తప్పదు. లినక్స్‌లో వరస నంబర్లతో వచ్చే డివైస్ పేర్లు రీబూట్‌కి మారిపోవచ్చు, సీరియల్ నంబరు ఆధారంగా ఉండే పేర్లే బ్యాకప్ కాన్ఫిగరేషన్‌లో పెట్టండి. కొత్త డ్రైవ్‌కి కొత్త సీరియల్ కాబట్టి అది ఇప్పుడు మార్చాలని మర్చిపోకండి.

13. ఎన్‌క్రిప్షన్ ఉంటే కీ మేనేజర్‌లో (ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచి ఇచ్చే వ్యవస్థ) కొత్త డ్రైవ్‌కి అనుమతి ఉందో లేదో చూడండి. లేకపోతే డ్రైవ్ శుభ్రంగా పనిచేస్తూనే ఒక్క పాత టేపూ చదవదు, మీరు డ్రైవ్‌ని తిట్టుకుంటారు.

టేపు ఇరుక్కుంటే

ముందు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నుంచి అన్‌లోడ్ ఇవ్వండి. కాకపోతే లైబ్రరీ వెబ్ పేజీ నుంచి. కొన్నిసార్లు సర్వర్ ఆ టేపుని లాక్ చేసి ఉంచుతుంది, అప్పుడు డ్రైవ్ తప్పేమీ లేకపోయినా టేపు బయటికి రాదు. సర్వీస్ ఆపి మళ్లీ ప్రయత్నించండి. అదీ కాకపోతే డ్రైవ్ పవర్ ఒకసారి ఆపి పెట్టండి. పవర్ వచ్చాక డ్రైవ్ టేపుని మధ్యలోంచి వెనక్కి చుట్టుకోవడం మొదలుపెడుతుంది. ఒక టేపు దాదాపు కిలోమీటరు పొడవుంటుంది, కాబట్టి కదలిక లేదని వెంటనే తేల్చేయకండి, పది పదిహేను నిమిషాలు ఆగండి.

ఆ తర్వాత కూడా రాకపోతే స్లెడ్‌తో సహా బయటికి తీయండి. డ్రైవ్ నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించకండి, కార్ట్రిడ్జ్ వస్తుంది, టేపు లోపలే ఉండిపోతుంది. ఆ డేటాకి వేరే కాపీ ఉందా అని అప్పుడే తేల్చుకోండి. లేకపోతే ఆ డ్రైవ్ డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పాత డ్రైవ్‌ని వారంటీ కింద వెనక్కి పంపేటప్పుడు లోపల టేపు ఉందని మర్చిపోయేవాళ్లు ఉన్నారు. మీ సంస్థ డేటా కొరియర్ పెట్టెలో వెళ్తోందన్నమాట. పంపేముందు టార్చ్ వేసి చూడండి.

పవర్ సప్లై

ఇది తేలిక. రెండు పవర్ సప్లైలు ఉంటే లైబ్రరీ నడుస్తుండగానే మార్చొచ్చు. లైటు ఆరెంజ్‌లో ఉన్నది ఏదో చూసి, దాని పవర్ కేబుల్ తీసి, గొళ్లెం నొక్కి లాగి, కొత్తది తోసి, కేబుల్ పెట్టండి. బాగున్నదాని కేబుల్ పీకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తీసేముందు ఆ కేబుల్‌ని చేత్తో పట్టుకుని ప్లగ్ దాకా చూసుకోండి. అలా చూసినప్పుడే రెండు కేబుళ్లూ ఒకే పవర్ స్ట్రిప్‌లోకి వెళ్తున్నాయని చాలామందికి తెలుస్తుంది. ఒకదాన్ని వేరే పవర్ లైన్‌కి మార్చండి. ఒకటే సప్లై ఉన్న లైబ్రరీ అయితే పూర్తిగా షట్‌డౌన్ చేయాల్సిందే.

రోబో లేదా పికర్ (టేపుని పట్టుకునే దాని చెయ్యి)

1. రోబో మొరాయిస్తోందంటే మొదట అనుమానించాల్సింది లేబుల్‌ని. బార్‌కోడ్ లేబుల్ కొస లేచి ఉన్నా, పాతదాని మీదే కొత్తది అంటించినా టేపు స్లాట్‌లో పట్టేస్తుంది. లేబుల్ కార్ట్రిడ్జ్ మీద దానికోసం ఉన్న పల్లంలోనే, ఒకే ఒక్కటి ఉండాలి. మ్యాగజైన్ (స్లాట్లుండే ట్రే) పూర్తిగా లోపలికి వెళ్లలేదేమో కూడా చూడండి.
2. నిజంగా రోబోనే అయితే, లైబ్రరీని ముందు ప్యానెల్ నుంచి షట్‌డౌన్ చేసి, రోబో తన పార్కింగ్ చోటికి వెళ్లేదాకా ఆగి, తర్వాత పవర్ కేబుళ్లన్నీ తీయండి. నడుస్తున్న రోబో దారిలో చెయ్యి పెట్టకండి.
3. మ్యాగజైన్లు బయటికి తీయండి. పవర్ లేకుండా గొళ్లెం విడవడానికి చాలా మోడళ్లలో సన్నటి రంధ్రం ఉంటుంది, మీరు సాగదీసి తెచ్చుకున్న పేపర్ క్లిప్ ఇందుకే. ఒక్కో మ్యాగజైన్ మీద ఎడమో కుడో, ఎన్నోదో రాసిపెట్టండి.
4. రోబోని మాన్యువల్ చెప్పిన స్థానానికి చేత్తో నెమ్మదిగా జరపండి. దాని వెంట వచ్చే సన్నటి చదును కేబుల్ మీద కన్నేసి ఉంచండి. అది మడత పడినా, పళ్ల చక్రానికి తగులుకున్నా కొత్త రోబో కూడా పాతదానిలాగే చచ్చిపోతుంది.
5. కొత్తది బిగించాక, దానికి రవాణా లాక్ ఉంటే విప్పండి. "కొత్త రోబో కూడా కదలట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఆ లాక్ దగ్గరే ఆగుతాయి.
6. మ్యాగజైన్లు వాటి చోట్లలోనే పెట్టి పవర్ ఇవ్వండి. రోబో కొలతలు తీసుకుని, అన్ని స్లాట్లూ చదివి ఇన్వెంటరీ పూర్తిచేసేదాకా తలుపులు తెరవకండి.

కంట్రోలర్ కార్డు

లైబ్రరీ మొత్తాన్ని నడిపే కార్డు ఇది. పని చిన్నదే, ఒక జాగ్రత్త ముఖ్యం. కార్డునీ, ఛాసిస్‌నీ (లైబ్రరీ పెట్టెని) ఒకేసారి మార్చకండి. లైబ్రరీ సీరియల్ నంబరు, లైసెన్సులు, సెట్టింగులు ఈ రెండింటి మధ్యే ఉంటాయి. ఒకటి మార్చి, లైబ్రరీ లేచి, సీరియల్ నంబరు పాతదే చూపిస్తోందని చూసుకున్నాకే రెండోది. కార్డు మీద చిన్న మెమరీ కార్డు ఉంటే పాతదాన్నుంచి కొత్తదానికి మార్చాలా అని మాన్యువల్ చూడండి. తర్వాత నెట్‌వర్క్ అడ్రస్, తేదీ, సమయం సరిచూడండి. సమయం తప్పుగా ఉంటే రేపు లాగులు కలిపి చదవలేరు.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఆకుపచ్చ లైటు సాక్ష్యం కాదు. నేను చేసే వరస ఇది.

ఇన్వెంటరీలో టేపుల సంఖ్య పని మొదలుపెట్టేముందు ఉన్న సంఖ్యే ఉండాలి. బార్‌కోడ్ లేని స్లాటు కనిపిస్తే వెళ్లి చూడండి. తర్వాత లైబ్రరీలో ఉండే స్లాట్ టు స్లాట్ టెస్ట్, రోబో మార్చి ఉంటే కనీసం ఒక గంట. ఆ తర్వాత స్క్రాచ్ టేపుని కొత్త డ్రైవ్‌లో లోడ్ చేసి, అన్‌లోడ్ చేసి, మూడుసార్లు.

ఇక రాత పరీక్ష. కొన్ని పదుల గిగాబైట్లైనా రాయండి, ముందే చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో తేల్చే సంఖ్య) తీసి పెట్టుకోండి. తర్వాత రిస్టోర్ చేసి చెక్‌సమ్ పోల్చండి. ఆ టేపుని ఇంకో డ్రైవ్‌లో పెట్టి కూడా చదివించండి. తను రాసింది తనే చదువుకుని, వేరే డ్రైవ్‌కి అర్థంకాకుండా రాసే డ్రైవ్ మంచిది కాదు. పాత టేపు ఒకటి తీసి, దాన్లోంచి కూడా ఒక ఫైల్ రిస్టోర్ చేయండి. పాత టేపుతో చేసేముందు దాని రైట్ ప్రొటెక్ట్ స్విచ్ లాక్ వైపు జరపండి.

వేగం చూసేటప్పుడు ఒక మాట. ఎల్‌టీఓ-8 ఫుల్ హైట్ డ్రైవ్ కంప్రెషన్ లేకుండా సెకనుకు 360 మెగాబైట్లు, హాఫ్ హైట్ 300 వరకు రాస్తుంది. మీకు 60 వస్తోందంటే కొత్త డ్రైవ్ చెడ్డదని కాదు. ముందు సర్వర్ డిస్కు డేటాని ఎంత వేగంగా అందిస్తోందో కొలవండి. డేటా సరిపడా రాకపోతే డ్రైవ్ ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలుపెడుతుంది. పక్కన నిలబడితే ఆ ఆగి ఆగి నడిచే చప్పుడు చెవికి తెలుస్తుంది.

ఎల్‌టీఓ-9 వాడేవాళ్లకు ఇంకొకటి. కొత్త ఎల్‌టీఓ-9 టేపుని మొదటిసారి లోడ్ చేసినప్పుడు డ్రైవ్ దాన్ని తనకు తగ్గట్టు కొలిచి సర్దుకుంటుంది. సగటున 40 నిమిషాలు, గరిష్ఠంగా 2 గంటలు పట్టొచ్చు. కొత్త డ్రైవ్, కొత్త టేపు ఒకేసారి పెట్టి, అరగంట చూసి, హ్యాంగ్ అయిందని పవర్ పీకినవాళ్లు నాకు తెలుసు. పరీక్షకు ముందే ఒకసారి లోడ్ అయిన టేపు వాడితే ఈ గోల ఉండదు. చల్లటి లేదా వేడి చోటు నుంచి తెచ్చిన టేపులైతే మెషీన్ గదిలో 24 గంటలు ఉంచాకే పెట్టండి.

అన్నీ బాగున్నాయనిపిస్తే కంట్రోల్ పాత్‌ని పాత చోటికి మార్చుకోండి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్‌ని ఎనేబుల్ చేయండి. ఇది మర్చిపోయి వారంపాటు ఒకే డ్రైవ్ మీద నడిచిన చోట్లు ఉన్నాయి. కాన్ఫిగరేషన్ మళ్లీ సేవ్ చేసి, ఫైల్ పేరులో తేదీ పెట్టండి. పాత డ్రైవ్‌ని వెంటనే పంపేయకండి, మూడు రాత్రుల బ్యాకప్ లాగులు చూశాక ప్యాక్ చేయండి. పెట్టె మీద డ్రైవ్ సీరియల్ నంబరుతో పాటు వచ్చిన టేప్ అలర్ట్ నంబరు కూడా రాయండి, సపోర్ట్‌వాళ్లు మొదట అడిగేది అదే.